పెరట్లో సవతి

నాకొక సవతి ఉంది. మాధవరంలో మా ఇంటి పెరట్లో, బట్టలుతికే రాయికీ ప్రహరీ గోడకీ మధ్య ఉంటుంది. పొద్దున్నే వంటింటి తలుపు తీస్తే ముందు తన మొహమే చూడాలి. నేను పెళ్ళయి ఆ ఇంటికి వచ్చేసరికే తను అక్కడ ఉంది కాబట్టి పెద్ద భార్య తనే అనాలి. తాళి కట్టిన పూటే తనను నరికేశారు కాబట్టి తను లేదని కూడా అనాలి. ఈ లెక్క నాకు ఇన్నేళ్ళయినా తేలలేదు. పదో తరగతి పిల్లలకు జీవశాస్త్రం చెప్పే మనిషిని. నాకే తేలకపోతే ఇంకెవరికి తేలుతుందో తెలియదు.

సవతి అంటే అరటిచెట్టు. మొదట్నుంచీ చెబుతాను, లేకపోతే మీకూ నా గతే పడుతుంది.

మా ఆయన జాతకంలో ఇద్దరు భార్యలున్నారట. మగవాడికి ఇద్దరు భార్యలుంటే అది దోషమెలా అవుతుందని ఒకసారి అమాయకంగా అడిగాను. దోషం ఆయనకు కాదు, మొదట వచ్చే ఆవిడకు. ఆవిడ పోతేనే కదా రెండో ఆవిడ వచ్చేది! ఆ జాతకం చూసిన ఆడపిల్లల తండ్రులు సగం తాగిన కాఫీ గ్లాసు అక్కడే పెట్టేసి లేచిపోయేవారట. అలా ఆయనకు ముప్పై దాటాయి. అప్పుడు మా అత్తకు ఎవరో పరిహారం చెప్పారు. ముందు ఒక అరటిచెట్టుకు తాళి కట్టించి, వెంటనే దాన్ని నరికేయాలి. మొదటి భార్య పోయినట్టే. ఆ తర్వాత వచ్చే పిల్ల రెండోది, ఆమెకు ఏ గండమూ ఉండదు.

ఈ ఊళ్ళో ఇది కొత్త సంగతేమీ కాదు. గుళ్ళలో చేస్తారు. వేరు లేని అరటిబోదెను తెచ్చి నిలబెట్టి, తాళి కట్టించి, నరికి, ముక్కలు తీసుకెళ్ళి నీళ్ళలో వదిలేస్తారు. అయిదు నిమిషాల కాపురం. కానీ గుడికి వెళ్తే నలుగురి కంట పడతారు. మా అత్త పరువు కోసం ప్రాణమిచ్చే మనిషి. "ఆడ మనోళ్ళెవురన్నా చూస్తే ఇంక వీడికి పిల్లనెవురిస్తారు?" అని పనంతా ఇంట్లోనే కానిచ్చింది. పెరట్లో చెట్టు ఉండనే ఉంది. వేళ్ళు దిగి, రోజూ ఉతికిన నీళ్ళు తాగి, ఏపుగా ఎదిగిన చెట్టు. వాళ్ళు చేసిన పొరపాటల్లా అదే.

పెళ్ళిచూపుల్లో ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు. నేను మైలాపూరు పిల్లను. అక్కడి ఇరుకు ఇంట్లో కుండీలో తులసి తప్ప మరో చెట్టు ఎరగను. అందుకని ఈ ఇంటికి వచ్చిన కొత్తలో పెరడు చూసి మురిసిపోయాను. ఆకు కోద్దామని వెళ్తే అత్త గబగబా వచ్చి చేయి పట్టుకుంది.

"దాన్ని కొయ్యొద్దమ్మాయి. ఆ చెట్టుది మనకు పడదు."

ఏదో మొక్కు అనుకున్నాను. ఇంట్లో అంత చెట్టు పెట్టుకుని, పండగ వస్తే ఆకులు బజారులో కొనేవాళ్ళం. గెల పండితే మొత్తం గుడికి పోయేది. పువ్వు ఎదురింటివాళ్ళకు పోయేది. మా ఆయనైతే అటు కన్నెత్తి కూడా చూడడు. ఆరేసే తీగ చెట్టు పక్కనుంచి పోతుంది కాబట్టి ఎండిన తన చొక్కా కూడా తను తెచ్చుకోడు, నన్ను పంపుతాడు. బద్ధకమని తిట్టేదాన్ని. అది బద్ధకం కాదని తర్వాత తెలిసింది.

చెప్పింది చిన్నత్త. అంటే మా అత్త చెల్లెలు. ఎవరిదో బారసాల, వంటింట్లో ఆడవాళ్ళందరం కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాం. నేను మా ఆయన మీద చెప్పుకునే చాడీల్లో ఈ చొక్కా సంగతి కూడా ఉంది. చిన్నత్త పగలబడి నవ్వింది.

"వాడెట్ట పోతాడు ఆడికి? పెండ్లాం గదా!"

తెల్లవారకముందే పురోహితుణ్ణి వెనక సందులోంచి రప్పించారట. చెట్టుకు పసుపు బట్ట చుట్టి, బొట్టు పెట్టి, మల్లెపూలు పెట్టి, పసుపు కొమ్ము కట్టిన దారంతో మూడు ముళ్ళు వేయించారు. అక్షింతలు వేశారు. అక్షింతలు వేసిన చేత్తోనే కొడవలి అందించారు. అరటిబోదె ఎంత, ఒక్క వేటుకు తెగి పడింది. పెళ్ళాం పోయిన మగవాడు చావు స్నానం చేయాలి కదా! మా ఆయన ఆ ఉతికే రాయి మీదే కూర్చుని తలారా పోసుకున్నాడు. ఆ నీళ్ళు రాయి దిగి, కాలవలో పడి, నేరుగా పోయినావిడ వేళ్ళకే వెళ్ళాయి.

"సాయంత్రానికి చూస్తే," చిన్నత్త కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది, "నరికిన చోట నడిమి నుంచి వేలెడు మొవ్వు లేచి నిలబడుండాది. మా అక్క ఆడనే కూలబడిపోయింది పో."

మళ్ళీ నరికిందట అత్త. మళ్ళీ లేచింది. మరిగే గంజి పోసింది. ఆ పక్కనే రెండు పిలకలు లేచాయి. ఆ లోపల నాతో సంబంధం కుదిరింది, ముహూర్తం పెట్టేశారు. అందరూ నోరు మూసుకున్నారు.

వంటింట్లో అందరితో పాటు నేనూ నవ్వాను. బస్సులో కూడా నవ్వుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చి పెరటి తలుపు తీసి దాన్ని చూశాక నవ్వు రాలేదు. మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "చెట్టే కదే, మనిషి కాదు కదా, ఊరుకో" అంది. కాసేపు ఊరుకుని, గొంతు తగ్గించి, "అయితే సరిగ్గా నరకలేదా?" అని అడిగింది.

ఆ సాయంత్రం ఆయన షోళింగనల్లూరు ఆఫీసు నుంచి క్యాబులో ఊరంతా దాటుకుని ఇంటికి చేరేసరికి నేను గుమ్మంలోనే ఉన్నాను. చెప్పులు కూడా విడవనివ్వలేదు.

"దానికి తాళి కట్టినప్పుడు ఏమనిపించింది?"

ఆయనకు వెంటనే అర్థమైపోయింది. ఇన్నాళ్ళూ ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు పాపం. 

"చల్లగా ఉండింది," అన్నాడు.

"ఏంటి చల్లగా ఉండింది?"

"బోదె. చెయ్యి తడి అయింది. ఇంకేం గుర్తులేదు."

"మరి నాకు కట్టినప్పుడు?"

ఆయన నిజాయితీపరుడు. అదే ఆయనతో తంటా. "నీకు చెమట పోస్తా ఉండింది," అన్నాడు. కొన్నాళ్ళు ఆయనతో నేను మాట్లాడలేదు.

అప్పట్నుంచీ దాన్ని గమనించడం మొదలుపెట్టాను. శత్రువు మీద కన్నేసి ఉంచాలంటారు కదా! గమనించిన కొద్దీ తికమక పెరిగింది. అరటి ఒక్కసారే గెల వేస్తుంది, వేశాక ఆ బోదె పని అయిపోతుంది. పక్కనుంచి పిలక లేస్తుంది. దాని పక్కనుంచి ఇంకోటి. అలా లేస్తూ లేస్తూ ఆ గుంపు ఉతికే రాయిని వదలకుండానే పాకుతూ వచ్చింది. ఎటు? మా పడకగది కిటికీ వైపు. ఇది నా ఊహ కాదు, మీరు వచ్చి చూసుకోవచ్చు. ఏడాదికి కొంచెం చొప్పున నడుచుకుంటూ వచ్చి, ఇప్పుడు ఒక ఆకు సరిగ్గా మా కిటికీ ఊచలకు ఆని ఉంటుంది. గాలి వేస్తే లోపలికి తొంగి చూస్తుంది.

ఆ కిటికీ పైన సజ్జ ఉంది. దాని కింద వాన పడదు, ఉతికిన నీళ్ళు అంతదూరం పారవు. గోడ వారన మట్టి బూడిదలా ఎండిపోయి ఉంటుంది. ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని కూర్చునే రోజుల్లో మేం ఎవరం ఆ మూలకు చెంబెడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు. అయినా ఆ గోడ పక్క చెట్టు మిగతావాటిలాగే నిగనిగలాడుతూ ఉండేది. ఎలా ఉండేదో నాకు తెలుసు, పాఠ్యపుస్తకంలో ఉన్నదే. నేల కింద దుంపలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. రాయి దగ్గరిది నీళ్ళు తాగితే గోడ దగ్గరిదానికి అందుతాయి. ఆకు ఇంకా విచ్చుకోని పిలకకు ఆకున్న తల్లి తిండి పెడుతుంది. నరికేసిన మొదలుకు కూడా చుట్టూ ఉన్నవి కొన్నాళ్ళు పెడతాయి. ఇదంతా క్లాసులో బోర్డు మీద బొమ్మ వేసి చెబుతాను. ఇంగ్లీషులో పాఠం, తమిళంలో తిట్లు, అలా నడుస్తుంది నా క్లాసు. ఒకసారి ఒక అమ్మాయి లేచింది.

"మిస్, అప్పుడు ఆ చెట్టు పాతదా, కొత్తదా?"

"పరీక్షలో రాదు, కూర్చో," అన్నాను.

మా పెళ్ళిలో పెద్దవాళ్ళు నన్ను దీవించిన దీవెన కూడా అరటిదే. అరటిచెట్టులా పిలక మీద పిలక వేసి వంశం నిలబెట్టమ్మా అని. నాకు రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. తర్వాత ఇంక నిలవనే లేదు. ఏటా వానలు మొదలవగానే పెరట్లో మాత్రం పిలకలు పొడుచుకొచ్చేవి. నా తల మీద వేసిన అక్షింతల్లోని దీవెన దారి తప్పి తనకు పోయిందని అనుకునేదాన్ని. ఇలా అనుకోవడం మూర్ఖత్వమని తెలుసు. తెలిసీ కుళ్ళుకునేదాన్ని, ఏడ్చేదాన్ని. ఒకసారి ఆ కోపంలో చిన్న పిలక ఒకటి తవ్వి బడికి తీసుకెళ్ళి తోటలో నాటాను, పిల్లలకు చూపిద్దామని పేరు. కత్తిలాంటి సన్నాకులున్న పసిపిలక. రోజూ నీళ్ళు పోశాను. వాడిపోయింది. ఇంకొన్నాళ్ళు తల్లి దగ్గర ఉండనివ్వాల్సింది, నాకు తెలియని విషయమేం కాదు.

ఇలా ఉండగా నాకు ఒంట్లో బాగా లేకుండా వచ్చింది. నెలసరి వస్తే ఆగేది కాదు. మెట్లెక్కితే కళ్ళు తిరిగేవి. బోర్డు మీద రాస్తూ రాస్తూ గోడ పట్టుకునేదాన్ని. డాక్టరమ్మ పరీక్షలు చేయించి గర్భసంచిలో గడ్డలున్నాయంది, తీసేయాలంది, ఇలాగే ఉంటే ప్రాణానికి ముప్పంది. ఒంట్లో రక్తం మరీ తక్కువగా ఉందని, ముందు అది ఎక్కించాలని కూడా అంది. ఆపరేషన్‌కు రోజు కుదిరింది. ఇంటికొచ్చి అత్తకు చెప్పాను. మర్నాడు పొద్దున ఒక్కతే ఆటో మాట్లాడుకుని ఎక్కడికో వెళ్ళింది. తిరిగొచ్చి కాళ్ళయినా కడుక్కోకుండా పెరట్లోకి పోయి గడ్డపార వెతకసాగింది.

"ఏంటత్తా?"

"వాడి జాతకం మళ్ళా చూపించుకోనొచ్చినా. ఆ పరిహారం చెల్లలేదంట. చెట్టు చావలేదు గదా, అది లెక్కలోకే రాదంట. మొదటిదానివి నువ్వేనంట. గండం నీ మిందనే ఉండాది." అత్త మూలనున్న గడ్డపార అందుకుంది. "ఈ పొద్దు దీన్ని వేర్లతో సహా పెరికి పారేస్తాను."

నాకు భయం వేసింది. జాతకాలు నమ్మను, పిల్లలకు నమ్మొద్దని కూడా చెబుతాను. కానీ ఆపరేషన్ బల్ల ఎదురుగా కనిపిస్తుంటే నమ్మకమూ అపనమ్మకమూ రెండూ కలిసే వచ్చి కూర్చుంటాయి. ఇన్నేళ్ళుగా పోతే బాగుండునని నేను అనుకున్న సవతిని ఇవాళ పీకేస్తామంటున్నారు. సంతోషించాలి కదా? సంతోషం రాలేదు. ఎందుకు రాలేదో కూడా అర్థం కాలేదు. కుర్చీ తెచ్చుకుని గుమ్మంలో కూర్చున్నాను.

అత్త చీర బిగించి కట్టి, గడ్డపార పట్టుకుని గుంపు ముందు నిలబడింది. పెద్దవి, చిన్నవి, గెల ఉన్నది, లేనిది, అన్నీ కలిపి దట్టంగా ఉన్నాయి.

"వాడు కట్టింది యాది? చూపించమ్మాయి."

"అది ఎప్పుడో పోయిందత్తా. గెల వేసింది, పోయింది. ఇవన్నీ దాని పిలకలు, ఆ పిలకల పిలకలు."

"పోయిందా?" అత్త మొహం వెలిగింది. "అట్టయితే చచ్చినట్టే గదా!"

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. టీచరు నోరు కదా, ఊరుకోదు. "చచ్చినట్టు కాదత్తా. పిలకంటే విత్తనం నుంచి పుట్టిన బిడ్డ కాదు. ఆ చెట్టే ఇంకో చోట లేచినట్టు. ఇదంతా ఒకటే చెట్టు."

"అట్టయితే బతికే ఉండాదా?"

"బతికుందనే అనాలి."

"చచ్చిందా, బతికిందా? టీచరువు గదా, ఏదో ఒకటి చెప్పు!"

 పరీక్షలో రాదు కూర్చోమని అత్తతో అనలేను కదా.

"సరి పో, అన్నీ తీసేస్తాను," అని అత్త గోడ పక్కనున్న చెట్టుతో మొదలుపెట్టింది, కిటికీకి ఆని ఉన్నదానితో. ఎండిన మట్టి పొడిపొడిగా లేచింది. రెండు పోట్లకు దుంప కనబడింది. మూడో పోటు దుంపలో దిగింది. గడ్డపార లాగగానే ఆ గాటులోంచి నీళ్ళు ఊరి, బొట్లు బొట్లుగా ఆ బూడిద మట్టిలోకి కారాయి.

అత్త ఆగింది. వంగి వేలితో తాకి చూసింది.

"ఈడ తడి ఎట్ట వచ్చింది? ఈ మూలకు నేను చెంబెడు నీళ్ళు కూడా పోసింది లేదే!"

"అక్కణ్ణించి," అని ఉతికే రాయి వైపు చూపించాను. "రాయి దగ్గరున్నవి తాగి దీనికి ఇస్తాయి. లోపల అన్నీ కలిసే ఉంటాయి. మీరు నరికినా, గంజి పోసినా చావలేదంటే అందుకే. ఒకదానికి బాగాలేకపోతే మిగిలినవి పెడతాయి."

అత్త రాయి వైపు చూసింది, గోడ వైపు చూసింది. మళ్ళీ రాయి వైపు చూసింది.  తర్వాత గడ్డపార గోడకు ఆనించి, కూర్చుని, తవ్విన మట్టి రెండు చేతులతో ఎగదోసి దుంప మీద కప్పింది. లేచి చేతులు దులుపుకుని లోపలికి వెళ్ళబోయింది.

"అత్తా, మరి గండం?"

"లోపలికి రా. ఎండలో కూచోవద్దు."

అంతే.  నాకు ఏమీ అర్థం కాలేదు, కానీ మనసు చివుక్కుమంది. నా గండం పోగొడతానని గడ్డపార పట్టిన మనిషి రెండు బొట్లు నీళ్ళు కారగానే ఎందుకు పక్కన పెట్టేసినట్టు? కొడుకు మొదటి భార్య మీద జాలి వేసిందా? ఇటు పిల్లల్ని ఇవ్వలేని రెండోది, అటు పిలకల తల్లి. తూకం వేసి చూసుకుందా? ఆ వారమంతా ఈ ఆలోచనే. ఆయన్ని అడిగితే, "అమ్మకు నడుం నొప్పి పుట్టుంటుందిలే," అన్నాడు. ఆయన అలా అంటాడని నాకు తెలుసు, అయినా అడిగాను.

ఆసుపత్రికి బయల్దేరిన రోజు అత్త గుమ్మం దాకా వచ్చి నా నుదుట విబూది పెట్టింది. కాసేపు చేయి నా తల మీద ఉంచింది. నేను బింకంగా కారెక్కాను.

రక్తం ఎక్కించారు. ఎవరిదో తెలియదు. ఎర్రటి సంచిలోంచి గొట్టం గుండా బొట్టు బొట్టుగా దిగుతుంటే చూస్తూ పడుకున్నాను. ఇచ్చిన మనిషి ఏ పేటలో ఉంటాడో, ఏ భాష మాట్లాడతాడో, ఇప్పుడు ఏ బస్సులో నిలబడి ఉన్నాడో అనుకున్నాను. అరచేతులు కాస్త వెచ్చబడ్డాయి. ఆపరేషన్ అయింది. కళ్ళు తెరిచేసరికి మా ఆయన మంచం పక్క స్టూలు మీద కూర్చుని నిద్రపోతున్నాడు, నోరు తెరుచుకుని. బతికున్నానని అప్పుడు నమ్మకం కలిగింది. కడుపు మీద చెయ్యి వేసుకుంటే కట్టు తగిలింది. ఇంక ఈ జన్మకు పిల్లలు లేరు. ఆ మాట నాలో నేను అనుకుని ఏడ్చాను. ఆయన లేవలేదు.

ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున పడకగదిలో పడుకుని ఉన్నాను. ఎండ వచ్చింది. ఆయన హాల్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఎవరితోనో మీటింగులో ఉన్నాడు. దగ్గర్లోని పాల కాలనీ వైపు నుంచి బండ్ల చప్పుడు వస్తోంది. కిటికీ అవతల అత్త గొంతు వినబడింది. పక్కింటావిడతో మాట్లాడుతోంది కాబోలు అనుకున్నాను. కానీ అవతలివాళ్ళ జవాబు వినబడటం లేదు.

"ఏమ్మా పెద్దదానా," అంటోంది అత్త. "నరికినాను, గంజి పోసినాను, ఆ పొద్దు గడ్డపార కూడా దించినాను. నువ్వేం మనసులో పెట్టుకోవద్దు. ఈ గోడ పక్కదానికి ఎవురూ చుక్క పోయకపోయినా నువ్వు ఇస్తానే ఉండావు గదా! ఆ కిటికీకి ఆ పక్క పండుకోనుండాదే, దానికీ అట్టనే కొంచెం ఇయ్యి. అదీ నీ గుంపులోదే."

తర్వాత కత్తి చప్పుడు. ఏదో తెగిన చప్పుడు. కిటికీలో ఆకు ఒక్కసారి ఊగి ఆగింది.

దిండులో మొహం పెట్టుకుని పడుకున్నాను. నవ్వో ఏడుపో తెలియకుండా ఒళ్ళంతా కదిలింది, కుట్లు లాగాయి. పరిహారం సంగతేమిటి, గండం సంగతేమిటి, పెద్దదెవరు, చిన్నదెవరు అన్న లెక్కలన్నీ అత్త ఎప్పుడు వదిలేసిందో నాకు తెలియదు. గడ్డపార గోడకు ఆనించినప్పుడే అయి ఉంటుంది. ఆ వారమంతా నేను అత్త గురించి అనుకున్నవన్నీ గుర్తొచ్చాయి.

మధ్యాహ్నం అత్త నన్ను లేపి, నడిపించుకొచ్చి, వంటింట్లో కుర్చీలో కూర్చోబెట్టింది. ఎదురుగా అరటాకు, తాజాది, ఇంకా చెమ్మగా ఉంది. అది బజారు ఆకు కాదని చూడగానే తెలిసింది. ఆకు మీద వేడి అన్నం, నెయ్యి, అరటిపువ్వు పొడికూర. రక్తం ఆగకుండా పోయే ఆడవాళ్ళకు అరటిపువ్వు మంచిదని ఇక్కడ అందరూ అంటారు. నాకు పోయే రక్తం ఇక లేదు, అయినా నేను ఆ మాట అనలేదు. అరటిపువ్వు బాగుచేయడం ఎంత పనో తెలుసు. ఒక్కొక్క చిన్న పువ్వులోంచి గట్టి కాడ, తెల్ల పొర వెతికి తీయాలి. అత్త వేళ్ళ చివర్లన్నీ ఆ జిగురుకు నల్లబడి ఉన్నాయి.

మా ఆయన కూడా వచ్చి కూర్చున్నాడు. ఆయన కంచంలో బంగాళాదుంప వేపుడు, రసం. ఆయన నా ఆకును చూశాడు, కూరను చూశాడు, తన కంచం చూసుకున్నాడు.

"నాకు?"

"నీకెందుకురా? అది వాళ్ళిద్దరూ ఇచ్చి పుచ్చుకునేది," అంది అత్త. "నువ్వు రసం పోసుకో."

ఆయన రసం పోసుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

కూర కాస్త వగరుగా ఉంది, కొబ్బరి వేసినా ఆ వగరు పోలేదు. అడిగి మళ్ళీ వేయించుకున్నాను. ఆకు ఖాళీ అయ్యేదాకా తిన్నాను. చెయ్యి కడుక్కోవడానికి అత్త గిన్నె, చెంబుతో నీళ్ళు తెచ్చింది. వద్దని, ఎడం చేత్తో చెంబు అందుకుని, గోడకు భుజం ఆనించుకుంటూ మెల్లగా పెరటి గుమ్మం దిగాను. ఆయన లేచి నా రెక్క పట్టుకున్నాడు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆ చెట్టు దగ్గరికి నాతో పాటు వచ్చాడు. గోడ వారన, మట్టి బూడిదలా ఉన్న చోట, గడ్డపార గాయం మీద అత్త కప్పిన మట్టి ఇంకా గుట్టగానే ఉంది. అక్కడ నిలబడి చెయ్యి కడిగాను. మిగిలిన నీళ్ళు కూడా దాని మొదట్లోనే వంచాను.

"అయ్యయ్యో, ఎంగిలి నీళ్ళమ్మాయి!" అత్త గుమ్మంలోంచి అరిచింది. "దానికి పొయ్యొద్దు!"

"అక్కాచెల్లెళ్ళకు ఎంగిలేంటత్తా?" అన్నాను.